ఎడమకి వాలిన జడ

"ఎలాగూ కూర్చునే ఉంటావు కదా" అన్నాడు మా ఆయన, చొక్కా చేతులు మడుచుకుంటూ. "మా ఆఫీసరుగారికి మనవడు పుట్టాడు. అమ్మ చేత ఒక బుల్లి స్వెట్టరు అల్లించు. సాదా భాగమంతా నువ్వు లాగించెయ్యి. జడ మాత్రం అమ్మే వెయ్యాలి సుమా!"

ఆ మాట అన్నప్పుడు నేను కూర్చుని లేను. ఒక చేత్తో పాలగిన్నె దించుతూ, రెండో చేత్తో ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, కాలితో ఫ్రిజ్ తలుపు మూస్తున్నాను. అసలు మా ఇంట్లో నాకంటూ ఒక కుర్చీ లేదు. వంటింటి గుమ్మం పక్కన ఒక స్టూలు ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి దానిమీద కూర్చున్నాను, అంతే, అది నాదైపోయింది. పిలవగానే లేచే మనిషికి వీపు ఆనించుకునే సదుపాయం దేనికని ఎవరూ పైకి అనలేదు. ఆ స్టూలు మీదే, కూర ఉడికేలోపు నాలుగు వరసలు, వాషింగ్ మెషిన్ ఆగేలోపు మరికొన్ని, అలా ముక్కలు ముక్కలుగా దొరికిన టైములో ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లాను. దాన్నే మా వాళ్ళు కూర్చోవడం అంటారు.

మా అత్తవారింట్లో ఎవరు పుట్టినా, ఎవరు కొత్తగా కాపురానికి వచ్చినా వాళ్ళకి ఒక స్వెట్టరు అందుతుంది. రంగు ఏదైనా కావచ్చు, గుండెల మధ్యలో మాత్రం రెండు పాయల జడ ఒకటి కింద నుంచి మెడ దాకా పాకాలి. ఆ జడ చూసి ఎక్కడున్నా మా వాళ్ళని పోల్చుకోవచ్చు. మా అత్తగారి అత్తగారు మొదలుపెట్టారట. తర్వాత మా అత్తగారు. ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయి చాలా ఏళ్ళయింది. చెంచా పట్టుకోవడమే కష్టం, ఇక సూదులా? మొదట్లో ఒకసారి సగం అల్లిన స్వెట్టరు నా ఒళ్ళో పెట్టి "కాస్త పూర్తి చెయ్యమ్మాయ్" అన్నారు. చేశాను. వచ్చినవాళ్ళు చూసి "పెద్దావిడ జడ పెద్దావిడదే!" అని మురిసిపోయారు. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కాఫీలు ఇవ్వడంలో పడిపోయాను. రెండోసారి కూడా అంతే. మూడోసారికి అది ఇంటి అలవాటైపోయింది. సాదా భాగం కోడలు అల్లుతుంది, జడ అత్తగారు వేస్తారు అని ఎవరు పుట్టించారో గానీ, ఊరంతా అదే మాట. నేను చేసే దాని పేరు సాయం.

మా అత్తగారు చెడ్డవారని చెప్పడం లేదు. చెప్పడం అంత తేలికైతే ఈ పాటికి ఎవరికో ఒకరికి చెప్పుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. నాది పుర్రచేతి వాటం. పుట్టింట్లో దానికోసం మొట్టికాయలు తిన్నాను. బడిలో చేతి మీద స్కేలు దెబ్బలు తిన్నాను. పెళ్ళయ్యాక ఆవిడ మొదటిసారి సూదులు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని నేర్పబోతే అంతా చిక్కుముడి పడింది. "నాకు రాదు అత్తయ్యా, నాకన్నీ తిరగబడతాయి" అన్నాను, ఏడుపు గొంతుతో. ఆవిడ కాసేపు నా చేతులు చూశారు. లేచి, తన కుర్చీ బరబరా లాగి నాకు ఎదురుగా వేసుకున్నారు. "నన్ను అద్దం అనుకో. నా కుడి చెయ్యి ఏం చేస్తే నీ ఎడమ చెయ్యి అదే చేస్తుంది" అన్నారు. అంతవరకూ ఎవరూ నా చేతిని మార్చకుండా దానికి ఏదీ నేర్పలేదు. ఆ రోజు నాకు ఆవిడ మీద కలిగిన ప్రేమ ఇప్పటికీ పోలేదు. అందుకే కోపం వచ్చినప్పుడు రెండింతలు వస్తుంది.

ఆఫీసరుగారి మనవడి స్వెట్టరు పూర్తయ్యాక బొత్తాలకోసం ఊలు కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టావిడ కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొత్తాల సంగతి మర్చిపోయి, జడ మీద వేలు పెట్టి పైదాకా పాకించింది. మళ్ళీ లోపలివైపు తిప్పి దారం కొసలు వెతికింది.

"జడ ఎడమకి వాలింది. మొదలుపెట్టిన కొస కూడా అవతలి మూల ఉంది. ఇది పుర్రచేతి పని. ఎవరల్లారండీ ఇంత శుభ్రంగా?"

"మా అత్తగారు" అన్నాను.

చూడండి ఖర్మ! అన్నేళ్ళలో ఒక్కరు, ఒకే ఒక్కరు, నిజంగా కళ్ళతో చూసి నిజంగా అడిగారు. నా నోరు దానంతటదే ఇంటివాళ్ళు చెప్పే మాట చెప్పేసింది. కొట్టావిడ సంబరపడిపోయింది. "అయితే ఆవిడని ఒకసారి పంపించండి. శనివారం మధ్యాహ్నాలు ఇక్కడ అల్లిక నేర్పుతున్నాను. పుర్రచేతి వాళ్ళు వస్తే నాకు చేతకావడం లేదు, పాపం మానేసి వెళ్ళిపోతున్నారు. ఆవిడ కూర్చుని నేర్పితే జీతం ఇస్తాను. ఈ శనివారం నుంచే రమ్మనండి. అదిగో, కుర్చీ కూడా వేసి ఉంచాను" అంది. కిటికీ పక్కన, ఎండ పడేచోట, చేతులూ వీపూ ఉన్న చక్కటి చెక్క కుర్చీ. నేను ఎడమచేత్తో బొత్తాలు ఏరి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఆ చెయ్యి చూసింది, నా మొహం చూసింది. "మీ అత్తగారు తప్పకుండా రావాలండీ" అంది, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ.

దారంతా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను. ఆ కుర్చీ కావాలి నాకు. జీతం కావాలి, అబద్ధం ఎందుకు! కానీ అంతకంటే, ఎవరైనా చిక్కుముడి తెచ్చి ముందు పెడితే విప్పి చూపించి, ఇదిగో ఇలా అని చెప్పాలని ఉంది. ఇంట్లో చెప్పే మాట కాదు అది. ఇంట్లో నేను ఎక్కువగా చెప్పే మాట "వస్తున్నా".

భోజనాల దగ్గర మాట ఎత్తాను. "ఊలు కొట్టులో నేర్పడానికి మనిషి కావాలట. శనివారాలు."

"అమ్మా? ఈ వయసులో అమ్మేం వెళ్తుంది!" అని నవ్వాడు మా ఆయన.

"అత్తయ్య కాదండీ. నేను."

"నువ్వా?" అని ముద్ద ఆపి చూశాడు. వెక్కిరింపేమీ లేదు, నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. "నువ్వు సాయం చేసేదానివి కదా. వాళ్ళు జడ వెయ్యమంటే ఏం చేస్తావు? అనవసరంగా అమ్మ పేరు పోతుంది. అయినా శనివారం చెల్లీ బావగారూ వస్తారు కదా, వంటెవరు చేస్తారు?"

నేను మా అత్తగారి వైపు చూశాను. ఒక్క మాట. అది నేను వెయ్యలేదురా అంటే చాలు. ఆవిడ తల వంచుకుని, రెండు చేతులతో గ్లాసు ఎత్తి నీళ్ళు తాగారు. దించేటప్పుడు గ్లాసు బల్లకి తగిలి టక్కుమంది. మా ఆయన పెరుగు అడిగాడు. లేచాను.

రోజూ పొద్దున్నే మా అత్తగారి స్వెట్టరు బొత్తాలు నేనే పెడతాను. మర్నాడు కాస్త విసురుగానే పెట్టాను.

"కోపమా?" అన్నారు.

"లేదండీ."

"ఉంటే మంచిదే" అన్నారు ఆవిడ, కిటికీలోంచి చూస్తూ. ఇంకేమీ మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ తరఫున మౌనం కూడా నేనే మోయాలా?

శనివారం వచ్చింది. ఆడపడుచూ, ఆమె భర్తా వచ్చారు. వంట, వడ్డన, మళ్ళీ వడ్డన. చల్లటి రోజు, అందరూ స్వెట్టర్లు వేసుకునే తిన్నారు. తిన్నాక మా ఆడపడుచు సంచిలోంచి తన పెళ్ళినాటి స్వెట్టరు తీసి తల్లి ముందు పెట్టింది. "మోచెయ్యి చిరిగిపోయింది, బాగు చేసి పెట్టవే అమ్మా. వదినా, నువ్వు కాస్త సాయం చెయ్యి." మా ఆయన ఉషారుగా లోపలికెళ్ళి ఆఫీసరుగారి మనవడిది పట్టుకొచ్చాడు. "చూడండి బావగారూ, అప్పుడూ ఇప్పుడూ అమ్మ చేతిలో ఏమైనా తేడా ఉందా?" అని రెండూ పక్కపక్కన పరిచాడు.

నేను స్టూలు మీంచి లేచాను. గోడ గడియారం చూశాను. ఊలు కొట్టులో ఈపాటికి జనం వచ్చి ఉంటారు. గొంతు, ఆశ్చర్యం, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా వచ్చింది.

"తేడా ఉంది. మీ వేలు ఇలా ఇవ్వండి."

"ఏంటి?"

"ఇవ్వండి." మా ఆయన చూపుడు వేలు పట్టుకుని పాత స్వెట్టరు జడ మీద కింద నుంచి పైకి నడిపించాను. "పైపాయ ఎటు వాలింది?"

"కుడికి."

"ఇప్పుడిది." బుల్లి స్వెట్టరు మీద నడిపించాను. ఆయన వేలు ఎడమకి జారింది. మళ్ళీ తనంతట తనే నడిపి చూసుకున్నాడు.

"ఇటు తిరిగిందేంటి?"

"కుడిచేత్తో వేస్తే కుడికి వాలుతుంది. అది అత్తయ్యది. పుర్రచేత్తో వేస్తే ఎడమకి. ఇప్పుడు మీ ఒంటి మీదది చూసుకోండి."

ఆయన గడ్డం గుండెలకి ఆనించి చూసుకున్నాడు. మా ఆడపడుచు తన ఒంటి మీది స్వెట్టరు జడ మీద వేలు పెట్టుకుంది. ఆమె భర్త, అదే మా అన్నయ్యగారికి పొట్ట అడ్డం వచ్చి కనపడక, లేచి అద్దం ముందుకెళ్ళారు. "నాది కుడికే ఉందమ్మా" అన్నారు. "అద్దంలో తిరగబడుతుందండీ" అన్నాను. నవ్వొచ్చింది నాకు. ఒకళ్ళ గుండెల వైపు ఒకళ్ళు చూసుకుంటున్న ఆ ముగ్గురూ, తప్పిపోయిన వస్తువు తమ జేబులోనే దొరికినవాళ్ళలా ఉన్నారు.

"అమ్మా! ఇవన్నీ నువ్వు వెయ్యలేదా?" అన్నాడు మా ఆయన. గొంతులో కాస్త కోపం కూడా ఉంది, మోసపోయానన్నట్టు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

మా అత్తగారు తన రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి బల్ల మీద, ఆ రెండు స్వెట్టర్ల పక్కన పెట్టారు. కణుపులు ఉబ్బి, వేళ్ళు తలో దిక్కుకి వంకర తిరిగి ఉన్నాయి. పక్కన కూర్చుని తిని, పలకరించి వెళ్ళిపోయేవాళ్ళ కళ్ళకి ఎప్పుడూ బల్ల కిందే ఉండిపోయిన చేతులు.

"స్వెట్టర్లు వస్తున్నంతకాలం మీరంతా నన్ను అడుగుతూ ఉంటారని చెప్పలేదురా. తప్పే. దీని నోరు కొట్టాను." ఆవిడ చేతులు ఇంకాస్త ముందుకి జరిపారు. "కానీ ఈ చేతులు ఆగిపోయి ఎన్నేళ్ళయిందో మీలో ఒక్కరైనా చూశారా? రోజూ వీటిని చూసింది ఇదొక్కతే."

మా ఆడపడుచు తల్లి చెయ్యి పట్టుకోబోయి, ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుడుతుందో తెలియక ఆగిపోయింది. దాన్ని చూస్తే జాలేసింది. నాలో ఉడుకుతున్న కోపం చల్లారిపోయిందని చెప్పను. కానీ అన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఆ ఇంట్లో కనపడకుండా ఉన్నాననుకున్నాను. పక్కనే ఇంకో మనిషి ఉందని ఆ క్షణంలో తెలిసింది.

కోటు తొడుక్కున్నాను. సంచిలో సూదులు వేసుకున్నాను, ఆవిడవే, ఎప్పుడో నాకిచ్చినవి.

"ఇప్పుడా? ఎక్కడికి?" అన్నాడు మా ఆయన. "మరి ఈ గిన్నెలన్నీ...?"

"నీ చేతులు బాగానే ఉన్నాయి కదరా" అన్నారు మా అత్తగారు.

కొట్టు తలుపు తోసేసరికి గంట మోగింది. కొట్టావిడ కళ్ళజోడు మీంచి చూసి "మీ అత్తగారు రాలేదా?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"నేర్పింది ఆవిడ. అల్లింది నేను" అన్నాను. అంత చిన్న వాక్యం! దారి పొడుగునా అనుకుంటూ వచ్చినా, పైకి అనేసరికి చెవులు వేడెక్కాయి.

కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. బస్సు నడుపుతుందట, యూనిఫాంలోనే వచ్చేసింది. ఒళ్ళో ఊలంతా చిక్కుపడి ఉంది. సూది ఆవిడ ఎడమచేతిలో ఉంది, ఎవరైనా చూస్తే దాచుకోవాలన్నట్టు పట్టుకుంది. "నాకు రాదండీ, నాకన్నీ తిరగబడతాయి" అంది.

"తిరగబడవు" అన్నాను. పక్కనే వేసి ఉంచిన ఆ చెక్క కుర్చీ లాగి, అత్తయ్య చేసినట్టే ఆవిడకి ఎదురుగా వెయ్యబోయాను. సగంలో ఆగాను. ఆవిడకి అద్దం అక్కర్లేదు. కుర్చీ తిప్పి ఆవిడ పక్కనే వేసుకుని, వీపు ఆనించి కూర్చున్నాను.