మట్టి అంటని టైరు

"స్టీరింగ్ తుడిచావా?" అని హాల్లోంచి అరిచాడు శ్రీకృష్ణ, నేను వంటింట్లో దోసెపిండి రుబ్బుతుండగా. అది కారు స్టీరింగ్ కాదు. కంప్యూటరుకి తగిలించి ఆడే ఆట స్టీరింగ్. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. కార్ల రేసు గేముల మీద యూట్యూబ్‌లో వీడియోలు చేస్తాడు. ఆదివారం వీడియో అంటే శనివారమే గది ఊడ్చి, లైటు సర్ది, స్టీరింగ్ తుడిచి పెట్టాలి. చేతులు కడుక్కుని వెళ్ళి తుడిచాను.

అతను చదివే మాటలు కూడా నావే. పెళ్ళికి ముందునుంచీ బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పాప పుట్టాక, "పిల్లని ఎవరు చూస్తారు?" అని అత్తయ్య అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ ఉద్యోగం పోయింది. మట్టి ట్రాకు గేములో అతను పదేపదే గోడకి గుద్దుతుంటే, ఒకరోజు ఉండబట్టలేక నేను కూర్చుని ఆడాను. గుద్దలేదు. ఇంటర్ సెలవుల్లో నాన్న నాకు ట్రాక్టరు నేర్పాడు. పత్తి బస్తాలతో నల్లరేగడి దారిలో వస్తుంటే వాన పడి, బండి వెనకభాగం పక్కకి జారింది. "బ్రేకు తొక్కమాకమ్మా! వెనక ఎటు జారుతోందో అటే తిప్పు!" అని నాన్న అరిచాడు. తిప్పాను. బండి నిలబడింది. ఇన్నేళ్ళయినా ఆ క్షణం నా భుజాల్లో ఉంది. గేము ఆడి చూసిన ఆ రోజునుంచి ఏ గేములో మట్టి నిజంగా మట్టిలా ఉందో, ఎక్కడ అబద్ధమాడుతోందో ఆడి చూసి రాసిచ్చేది నేను, కెమెరా ముందు చెప్పేది అతను. "నేనే చెప్తానండీ ఒకసారి" అంటే, "ఆడగొంతు వింటే ఎవడు నమ్ముతాడే? ఇది కార్ల గేము, కందిపొడి కాదు" అని నవ్వాడు. అత్తయ్య సుబ్బరావమ్మ గారిదీ అదే లెక్క. కొడుకు స్టీరింగ్ పట్టుకుంటే, "వాడు పనిలో ఉన్నాడు, గోల చెయ్యమాకండి" అంటారు. నేను పట్టుకుంటే, "ఆటలాడుకునే తీరిక బాగానే దొరుకుతోందే నీకు" అంటారు.

మన నేలల మీద మట్టి ట్రాకు గేము తయారుచేస్తున్న హైదరాబాద్ కంపెనీ వాళ్ళు ఆ వీడియోలు చూసి, ఆడి చూడమని నమూనా గేము పంపి, ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మాట్లాడతామన్నారు. "నువ్వు పక్కన కూర్చో. కెమెరాలో పడమాక. వాళ్ళడిగేదానికి జవాబు ఫోన్లో టైప్ చేసి నాకు పంపు" అన్నాడు. గోడవారగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

తెర మీద లిడియా అనే అమ్మాయి. ట్రాకు డిజైన్ చేసేది ఆమేనట. "సార్, మా గేములో వాన పడితే ట్రాకంతా ఒకేలా జారుతోంది. ఎందుకో నిజంగా అనిపించట్లేదు" అంది. నల్లరేగడి అంతటా ఒకేలా జారదని నేను టైప్ చేశాను, అతను చదివాడు. ఆమె తలూపింది. "చాలా బాగా చెప్పారు సార్. మీరెప్పుడైనా అలాంటి నేలలో బండి నడిపారా?"

నేనేమీ టైప్ చేయలేదు.

"ఓ! మా మామగారి ట్రాక్టరు నేనే తోలేవాణ్ణిగా. ఒకసారి పత్తి బస్తాలతో వస్తుంటే వాన. బండి జారింది. ఆయన బ్రేకు తొక్కొద్దని అరిచారు..." అని చెప్పుకుపోతున్నాడు.

ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేశాను. మాటలు తీసుకున్నాడు, ఊరుకున్నాను. ఆట తీసుకున్నాడు, ఊరుకున్నాను. ఇప్పుడు నాన్న పక్కన నేను కూర్చున్న సీటులోంచి నన్ను దింపేసి తను ఎక్కి కూర్చున్నాడు. కారం తిన్నట్టు చెవులు మండాయి. "మరి ఎక్కడ ఎలా జారాలి సార్? మా గేములో తప్పెక్కడుంది?" అని లిడియా అడిగింది. అతను నావైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు, "నెట్ సరిగా లేదండీ" అన్నాడు.

నేను లేచి, స్టూలు జరుపుకుని, అతని పక్కన కెమెరా ముందు కూర్చున్నాను.

"నమస్తే అండి. నా పేరు శ్రీరమ్య. ఆ ట్రాక్టరు తోలింది నేను. వీడియోల్లో మాటలు రాసేదీ నేనే. మళ్ళీ అడగండి."

బల్ల కింద అతని చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. విడిపించుకున్నాను. లిడియా మా ఇద్దరినీ చూసింది. తర్వాత నన్నే చూస్తూ మళ్ళీ అడిగింది.

"చక్రాలు తొక్కి తొక్కి గట్టిపడ్డ చోట నీళ్ళు ఇంకవండి. అక్కడ నూనె పోసినట్టు జారుతుంది. అంచుల్లో వదులు మట్టి నీళ్ళు తాగి టైరుకి అంటుకుంటుంది. టైరు మీది గాడులు మట్టితో నిండిపోతే ఇక పట్టుండదు. మీ గేములో ఎంత బురదలో తిప్పినా టైరు కడిగినట్టే ఉంది. తప్పు అక్కడుంది" అన్నాను. మాట క్లాసులో చెప్పినట్టే వచ్చింది. చివర్లో ఆమె, "మాతో పనిచేస్తారా మేడమ్? ఇంటి నుంచే" అంది. చేస్తానని చెప్పి, నా నంబరు ఇచ్చాను.

కాల్ పెట్టేయగానే, "పరువు తీశావు కదే!" అని అరిచాడు శ్రీకృష్ణ. ఆ కేకకి అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. "పనేంటి, కొత్తగా? మరి వంటో? పిల్లో?"

"పిల్ల మీ అబ్బాయికీ పిల్లే కదా అత్తయ్యా. పొద్దున పూట నాకు పనుంటుంది. ఆయనా మీరూ అనుకుని చూసుకోండి."

"ఏ గదిలో చేస్తావు?" అన్నాడు అతను వెటకారంగా.

"ఈ గదిలోనే. లేవండి, ఇప్పుడే మొదలుపెట్టాలి."

నేను నిలబడే ఉన్నాను. చివరికి అతను విసురుగా లేచి బయటికి వెళ్ళాడు. తలుపు వేసి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను.