పాతది తెస్తేనే కొత్తది

ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషన్ షెడ్డు గోడ మీద మామగారు ఎర్రరంగుతో రాయించిన మాట ఒకటి ఉండేది: "పాతది తెస్తేనే కొత్తది." పిన్ను కావాలన్నా, ఇరుసుకు తొడిగే బుష్ కావాలన్నా, అరిగిందో విరిగిందో ఆ పాత ముక్క తెచ్చి బల్ల మీద పెడితే తప్ప ఆయన మిషన్ ఆన్ చేసేవారు కాదు. ఎవరైనా కొలతలు రాసిన కాగితం చూపిస్తే, "కాగితం అరగదు నాయనా, అరిగినదాన్ని పట్టుకురా" అని వచ్చినదారినే పంపేసేవారు. జనం తిట్టుకుంటూ వెళ్ళి, తిట్టుకుంటూనే తెచ్చేవాళ్ళు. ఆ పాత ముక్కలన్నీ బల్ల కింద రేకు డబ్బాలో పడి ఉండేవి.

ఇప్పుడా గోడ తెల్లగా మెరిసిపోతోంది. మామగారికి చూపు మందగించి కుర్చీకే పరిమితమయ్యాక, షెడ్డుకి కొత్త కళ తెస్తానంటూ కోడలి తమ్ముడు ఒక సెలవురోజున వచ్చాడు. వాడిది రంగులు వేసే పని. అక్క మీద ప్రేమతో పైసా తీసుకోకుండా రెండు పూతలు వేసి, మామగారి మాటను తెల్లరంగు కింద పాతిపెట్టి మరీ వెళ్ళాడు. మామగారు కాసేపు గోడకేసి చూసి, "పోనీలే, వెలుగన్నా వచ్చింది" అన్నారు.

నిజానికి ఆ మాట అంతకుముందే చచ్చిపోయింది. కొంతకాలంగా షెడ్డుకి పనులన్నీ ఒక ఇంటర్నెట్ సైటు ద్వారానే వస్తున్నాయి. లేత్ ముందు కోడలి భర్త, కంప్యూటర్ ముందు కోడలు. కావలసినవాళ్ళు తమ వస్తువు పక్కన ఒక స్కేలు పెట్టి, చుట్టూ ఫోను తిప్పి వీడియో పంపితే చాలు. సైటు ఆ వస్తువును తెర మీద బొమ్మగా నిలబెడుతుంది. పొడవూ మందమూ కొలుస్తుంది. ఉక్కు ఎంత పడుతుందో, లేత్ ఎంతసేపు తిరగాలో లెక్కగట్టి రెప్పపాటులో ధర చెప్పేస్తుంది. అనుమానం వచ్చినచోట మాత్రం అడుగుతుంది: "ఇది రంధ్రమేనా? అవును, కాదు." కోడలు వేలితో నొక్కడమే తరువాయి.

అందులో ఇంకో సుఖం కూడా ఉంది. ఒకచోట ఎవరో "అవును" అని ఒప్పుకున్న ఆకారాన్ని సైటు దాచుకుంటుంది. మరెవరికైనా అలాంటి పనే తగిలితే, "ఇలాంటిది ముందే ఉంది. వాడాలా?" అని అడుగుతుంది. ఎక్కడి షెడ్డో, ఒప్పుకున్న మహానుభావుడెవరో తెలియదు. అయినా కోడలు అలాంటివి ఎన్నింటినో కళ్ళు మూసుకుని వాడేసింది. పదిమంది నడిచిన దారిలో ముల్లు ఉండదని ఆమె ధీమా. కొత్త వింత, పాత రోత అని ఊరికే అన్నారా!

మామగారు మాత్రం సైటుకి జోస్యుడని పేరు పెట్టారు. "ఏమ్మా, ఇవాళ జోస్యుడు ఏమంటున్నాడు?" అని కుర్చీలోంచే అడిగేవారు.

ఒకరోజు తమ్ముడి నుంచే పని వచ్చింది. ఎత్తయిన భవనాలకు బయటి గోడలు రంగు వేసేవాళ్ళు ఇనుప తొట్టిలో నిలబడి వేస్తారు. పైకప్పు నుంచి దిగిన తాళ్ళు రెండు వైపులా కొక్కేలతో ఆ తొట్టిని మోస్తాయి. ఒక్కో కొక్కెం వేలిమందం పిన్నుకు తగులుకుని ఉంటుంది. ఆ పిన్నులు కటకటలాడుతున్నాయని, కొత్తవి చేయించమని మేస్త్రీ అన్నాడట. "మా అక్కవాళ్ళున్నారుగా" అని తమ్ముడు రొమ్ము విరుచుకుని, ఒక పాత పిన్ను చుట్టూ ఫోను తిప్పి సైటులో పెట్టేశాడు.

తెర మీద పిన్ను నిలబడింది. ఒకవైపు తల, రెండోవైపు చీల దూర్చే రంధ్రం, నడుముకు చుట్టూ పల్లంగా ఒక పట్టీ. సైటు ఆ పట్టీ దగ్గర ఆగి అడిగింది: "ఇక్కడ గాడి ఉందా? అవును, కాదు."

కోడలు తమ్ముడికి ఫోను చేసింది. "ఒరేయ్, మధ్యలో గాడి ఉన్నట్టుందేంట్రా?"

"ఉంటుందిగా అక్కా. కొక్కెం సరిగ్గా అక్కడే కూర్చుంటుంది."

"పక్కకి జారకుండానా?"

"అంతే అయ్యుంటుంది. నీకు తెలియనిదేముంది? నేను రంగులు పూసుకునేవాణ్ణి."

సబబుగానే ఉంది. కోడలు "అవును" నొక్కింది. ఆ పిన్నును సైటు తన దగ్గర దాచుకుంది. గాడి తీయడం అదనపు పని కాబట్టి ధర కాస్త పెరిగింది. "తమ్ముడివని చూడటం లేదురోయ్, గాడికి వేరే లెక్క" అని నవ్వింది. "రక్తసంబంధం కన్నా ఇనుమే గట్టిదని ఇన్నాళ్ళకి తెలిసింది" అని వాడూ నవ్వాడు.

కోడలి భర్త పనిమంతుడు. సైటు చెప్పిన కొలతలను తు.చ. తప్పకుండా దించేశాడు. గాడి అంచులు నిటారుగా, కత్తితో కోసినట్టు వచ్చాయి. మామగారు ఒక పిన్నును చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమారు. "నునుపు బాగా వచ్చింది. ఏదీ, పాతదేది?" అన్నారు అలవాటు కొద్దీ.

"పాతది తేలేదు మామయ్యా. వీడియో పంపాడు."

"సరే, నీ జోస్యుడు చూశాడుగా" అని ఆయన పిన్నును బల్ల మీద పెట్టేశారు.

పిన్నులు వెళ్ళాయి, తొట్టికి ఎక్కాయి. కటకట పోయిందని, దూదిలా ఊగుతోందని తమ్ముడు ఫోను చేసి మెచ్చుకున్నాడు. ఆ మాట కోడలు రెండు రోజులు అందరికీ చెప్పుకుంది.

తరవాత ఒక ఉదయం పనికి వెళ్తూ వెళ్తూ తమ్ముడు షెడ్డు ముందు బండి ఆపాడు. జేబులోంచి పాత పిన్ను తీసి కంప్యూటర్ పక్కన టక్కున పెట్టాడు. "మీ మామగారి డబ్బాకి కానుక. గోడ మీద మాట చెరిపిన పాపం ఇలా కడుక్కుంటున్నా. ఇవాళ పై అంతస్తులక్కా, వస్తా" అని, మంచినీళ్ళన్నా తాగకుండా వెళ్ళిపోయాడు.

కోడలు చేతిలో పని ముగించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పాత పిన్నును డబ్బాలో వేయబోతూ, ఊరికే వేలు పెట్టి చూసింది. గాడిలో వేలు జారిపోయింది.

లేత్ మీద తీసిన గాడికి అడుగున సన్నటి గీతలుంటాయి, ఎంత నునుపు చేసినా గోటికి తెలుస్తాయి. దీనికి లేవు. అద్దంలా ఉంది. అంచులు నిటారుగా లేవు, వాలుగా దిగాయి. ఒక అంచున లోహం నలిగి, పెదవిలా బయటకు పొంగింది. తల కింద, కొక్కెం ఎన్నడూ తాకని చోట, మొదటినాటి పూత ఇంకా పసుపుపచ్చగా మిగిలి ఉంది.

అది గాడి కాదు. ఎవరూ తీసిన గాడి కాదు. ఏళ్ళ తరబడి కొక్కెం ఊగుతూ, పిన్ను తిరుగుతూ, ఉక్కును చుట్టూ సమానంగా తినేసిన జాడ అది.

తాను చేసిందేమిటో ఆమెకు అర్థమైంది. అరుగుదలకు కొలతలు తీసి, కొత్త ఉక్కులో దాన్నే చెక్కి, అందుకు అదనంగా డబ్బు కూడా పుచ్చుకుని తన తమ్ముడి చేతిలో పెట్టింది. పాత పిన్ను పాపం మెల్లమెల్లగా అరిగి వాలు మిగుల్చుకుంది. తాము చేసినదానికి ఆ వాలు కూడా లేదు. నిటారు మూల దగ్గరే ఉక్కు పగిలి విచ్చుకుంటుందని లేత్ ఇంటి కోడలికి వేరే చెప్పక్కర్లేదు.

"మామయ్యా" అని పిలిచి, పిన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక్కసారి తడిమారు. "వాడు ఎక్కడున్నాడు?" అన్నారు.

ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. తొట్టి ఎక్కేముందు ఫోన్లన్నీ కింద సంచిలో పెట్టాలని మేస్త్రీ కట్టడి. భర్త లేత్ ఆపీ ఆపకుండానే బండి తీశాడు. ఆమె వెనక కూర్చుంది. పాత పిన్ను గుప్పిట్లోనే ఉందని భవనం ముందు దిగాక గానీ తెలియలేదు.

తల ఎత్తి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. పైనుంచి రెండో అంతస్తు దగ్గర తొట్టి వేలాడుతోంది. అందులో ఇద్దరు. గాలికి అది గోడను ఒరుసుకుంటూ మెల్లగా ఊగుతోంది. దూదిలా.

"ఒరేయ్" అని గొంతు చించుకోబోయి, చప్పున నోరు మూసుకుంది. తమ్ముడి సంగతి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నా, కింద అక్క గొంతు వినబడితే పిట్టగోడ మీద సగానికి వంగి చూసేవాడు. ఇప్పుడు పిలిస్తే వాడూ, వాడిని చూసి పక్కవాడూ, ఇద్దరూ ఒకే మూలకు వస్తారు. ఆ మూల బరువంతా ఒక్క పిన్ను మీద పడుతుంది. మోటారు వేసి దింపమందామా అంటే, మొదలయ్యేటప్పుడు అది కుదుపుతుంది. వాళ్ళ నడుములకు బెల్టులున్నాయి. వాటి కొక్కేలు మాత్రం పైకప్పు తాడుకు కాదు, తొట్టి కమ్మీకే తగిలించి ఉన్నాయి.

అరవడానికి వచ్చిన మనిషి చప్పుడు చేయకుండా లోపలికి పరిగెత్తింది, వెనకే భర్త. లిఫ్టులో పైకెళ్ళి, ఇంకా ఎవరూ చేరని ఖాళీ ఇంట్లోంచి వాళ్ళ ఎదుటి కిటికీ తెరిచింది. తమ్ముడు రోలరు బ్రష్షుతో గోడ మీద రంగు దొర్లిస్తూ, మూరెడు దూరంలో ప్రత్యక్షమైన అక్కను చూసి నోరెళ్ళబెట్టాడు.

"అక్కా! అడ్రసు తప్పావా, ఆకాశంలోకొచ్చావు?"

"లోపలికి రా."

"భోజనానికి పిలవడానికి ఇంతదూరమా?"

"నెమ్మదిగా రా. గెంతకు. బెల్టు విప్పు, ఈ చేయి పట్టుకో." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తమ్ముడు మొహంలో నవ్వు చెదిరిపోయింది. వాడు మారుమాట్లాడకుండా చేయి అందించాడు. ఆమె వెనక నుంచి భర్త వాడి నడుము పట్టి లోపలికి లాగేశాడు. తరవాత రెండోవాడు. వాడి కాలు తొట్టిని వదలగానే, ఎక్కడో చెవి పక్కనే, సన్నగా టిక్కుమని ఒక చప్పుడైంది. తొట్టి ఒక పక్కకు ఒరగలేదు, పడలేదు, ఏమీ కాలేదు. ఊరికే ఊగుతూ ఉండిపోయింది.

మేస్త్రీ మొదట అరిచాడు, తరవాత ఆమె గుప్పిట్లోని పాత పిన్ను చూసి గొంతు తగ్గించాడు. పైకప్పు నుంచి వేరే తాళ్ళు బిగించి తొట్టిని ఆపి కొత్త పిన్నులు ఊడదీసి చూస్తే, ఒకదాని గాడి మూలలో వెంట్రుకంత పగులు చుట్టూ తిరిగి, మొదలైనచోటికే దాదాపు వచ్చి ఆగి ఉంది. కోడలు అందులో గోరు పెట్టి చూసింది. గోరు దిగింది.

సాయంత్రం తమ్ముడు షెడ్డులోనే కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "గాడికి తీసుకున్న డబ్బులు తిరిగిచ్చేయి అక్కా" అని నవ్వబోయాడు గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు వాడి తల మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడింది. తమ్ముడు బతికాడు. అంతకన్నా ఆమెకు ఏమీ అక్కర్లేదు.

ఆ ఒక్క "అవును" చెరిపేసి లేద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది.

పిన్ను బొమ్మ తెర మీదకు వచ్చింది, నడుముకు అదే గాడి. కింద చిన్న అక్షరాల్లో ఉంది: "సరిచూసిన ఆకారం. ఇతర షెడ్లలో వాడుకలో ఉంది." ఎన్ని షెడ్లో, ఎక్కడో చెప్పలేదు. ఆమె "తప్పు" అన్న చోట నొక్కింది. కారణం రాయమంది. గాడి కాదు, అరుగుదల, మనుషులు చస్తారు, వెంటనే తీసేయండి అని రాసింది. పంపగానే జవాబు వచ్చింది.

"ఏమంటున్నాడమ్మా జోస్యుడు?" అన్నారు మామగారు.

"నా అభిప్రాయానికి ధన్యవాదాలంటున్నాడు మామయ్యా. పరిశీలిస్తాడట."

చూపు ఆననంత దూరంలో ఉన్న తెల్లగోడ వైపు ఆయన తల తిప్పారు.

అప్పుడే కొత్త పని వచ్చిన గంట మోగింది. ముక్కూ మొహం తెలియని ఎవరో ఒక పిన్ను చుట్టూ ఫోను తిప్పి పంపారు. నడుము దగ్గర కాస్త అరిగిన పిన్ను. సైటు దాన్ని ఒక్క క్షణం చూసి అడిగింది: "ఇలాంటిది ముందే ఉంది. వాడాలా? అవును, కాదు."

పంపినవాళ్ళ పేరు కోసం, ఫోను నంబరు కోసం ఆమె తెరంతా వెతికింది. ఎక్కడా లేదు. "కాదు" నొక్కింది. మళ్ళీ మళ్ళీ నొక్కింది.

ఆ పని తెర మీంచి మాయమైంది. ఎక్కడో ఇంకో షెడ్డులో గంట మోగి ఉంటుంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు, పదిమంది నడిచిన దారే కదా అని వేలు చాచి ఉంటారు.