అరవై రెండో నంబరు

స్వెటరమ్మ మూడో ఫ్రీజరు తలుపు అంచున పేరుకున్న మంచును ప్లాస్టిక్ పలకతో గీకుతోంది. మండు వేసవిలోనూ నీలం స్వెటరు విప్పదు కాబట్టి ఆస్పత్రిలో అందరికీ ఆమె స్వెటరమ్మే. చలికి వేలికొనలు మొద్దుబారిపోయాయి. ఇంట్లో పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేస్తుంటే చెల్లెలు లబోదిబోమంటుంది.

ఆమె పని గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. రక్తం జబ్బులతో పుట్టిన పిల్లల రక్తాన్ని సున్నాకు ఎనభై డిగ్రీల కింద దాచడం, పరిశోధకులు అడిగితే తీసి ఇవ్వడం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే. ఆ పిల్లల్ని ఎన్నడూ చూసింది లేదు, పేర్లూ తెలియవు. అన్నీ నంబర్లే. కరెంటు పోయినప్పుడల్లా ఆ నంబర్ల కోసం ఆమె గుండె గుబేలుమంటుంది.

ఈ రోజు అరవై రెండో నంబరు తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది.

నాలుగేళ్ళ వయసులో రక్తం దాచుకోవడానికి ఒప్పుకుంటూ ఆ అమ్మాయి తరఫున అమ్మానాన్నలు సంతకం పెట్టారు. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి, ఇక సంతకం తనదే. మిగతావాళ్ళు పై అంతస్తులోనే సంతకం చేసి పోతారు. ఈమె కిందికి వస్తానని పట్టుబట్టింది. తన రక్తం వాడొద్దంటే ముప్పై ఒక్క ట్యూబులూ పారబోయాలి. ఆ జబ్బున్న బిడ్డ రక్తం అన్నేళ్ళపాటు వరసగా దొరికేది ఇక్కడే. "ఎలాగైనా ఒప్పించండమ్మా" అని పైనున్న డాక్టరు పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోను చేశాడు. ఒప్పించకూడదన్నది నియమం.

అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అప్పుడు నన్నెవరూ అడగలేదు. నలుగురు గట్టిగా పట్టుకుని గుచ్చారు. నాకింకా గుర్తుంది."

"నిజమే, అడగలేదు" అంది స్వెటరమ్మ. "అందుకే ఇప్పుడు అడుగుతున్నామమ్మా. వద్దంటే నీ కళ్ళముందే పారబోస్తా. ఎందుకని కూడా అడగను."

అనేసింది గానీ, ఆమె చెయ్యి ఫ్రీజరు పిడిని వదల్లేదు.

"ముందు నన్ను చూడనివ్వండి."

ఫ్రీజరు తెరవగానే తెల్లటి ఆవిరి ఇద్దరి పాదాల మీదికి జారింది. పెట్టెలో చిటికెనవేలంత ట్యూబులు. నాలుగు నెలలకొకటి చొప్పున, నాలుగేళ్ళ వయసు నుంచి పద్నాలుగు దాకా.

"పద్నాలుగేళ్ళప్పుడు తమ్ముడి ఎముక మజ్జ ఎక్కించారు. జబ్బు పోయింది. ఇప్పుడు నా ఒంట్లో ఉన్నది వాడి రక్తమే." అమ్మాయి ఆగింది. "అంటే నా సొంత రక్తం ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదన్నమాట."

ఇన్నేళ్ళు దేనికి కాపలా కాసిందో స్వెటరమ్మకూ ఇప్పుడే తెలిసింది. గర్వంతో కళ్ళు చెమర్చాయి. చలి వంక పెట్టి తుడుచుకుంది.

"మొదటిది మాత్రం వద్దు. ఏడిపించి తీసుకున్నారు. అది నేనే పారబోస్తా. మిగతా ముప్పై మీరు వాడుకోండి."

ఇలాంటి తీర్పు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నియమాల పుస్తకం స్వెటరమ్మకు కంఠస్థం. అందులో దీనికి అడ్డు ఎక్కడా లేదు. ట్యూబు కరిగేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కరిగాక అమ్మాయి మూత తిప్పి, క్రిములు చంపే మందునీళ్ళలోకి వంచింది. ఎరుపు ఒక్కసారి సుడి తిరిగి, గోధుమరంగుకు మారింది. అమ్మాయి పకపకా నవ్వింది. స్వెటరమ్మకూ నవ్వాగలేదు. డాక్టరు మూడోసారి ఫోను చేస్తే "ముప్పై ఉన్నాయి సార్" అని దర్జాగా పెట్టేసింది.

సంతకం పెట్టాక అమ్మాయి చెయ్యి చాపింది. "ఆ ఖాళీ అలా ఉంచకండి, ఒకటి తీసుకోండి. తమ్ముడిదే అనుకోండి. వాడికీ కాస్త పేరు రానివ్వండి!"

నర్సు వచ్చి తీసింది. గుచ్చుతున్నంతసేపూ అమ్మాయి చూపు తిప్పుకోలేదు.

ఈ ఆస్పత్రిలో అమ్మాయికి ఇక పని లేదు. పేరు చెప్పలేదు, స్వెటరమ్మ అడగలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళిపోయింది.

వార్డు నుంచి వచ్చేవన్నీ ఐసుపెట్టెలో వస్తాయి. బల్ల మీద ఆమె వదిలి వెళ్ళిన ట్యూబు మాత్రం ఇంకా గోరువెచ్చగా ఉంది.