పదో నంబరు చెప్పులు

బస్సు ఎక్కడికి వెళుతోందో మంగతాయారుకు తెలియదు, కానీ చాలాసేపటి నుంచి కిటికీ పక్క సీట్లోనే కూర్చుని ఉంది, ఆ సీటు వాళ్ళ వంటింటి పీటలాగే కాస్త కుంటుతోంది, బయటికి చూస్తే ఒకసారి కాకినాడ బస్టాండు, ఒకసారి సముద్రం, ఇంకోసారి తమ ఇంటి గుమ్మం కనిపిస్తున్నాయి, మూడూ ఒకే చోట ఉండటంలో ఆమెకు వింతేమీ తోచడం లేదు. ప్రయాణికులెవరూ లేరు. వెనక తలుపు దగ్గర కడ్డీకి వీపు ఆనించి, ఖాకీ చొక్కా పైగుండీ వదిలేసి, భుజాన తోలుసంచీతో నిలుచున్న కండక్టరు ఆమె భర్త గవర్రాజు. మొన్న మాఘమాసంలో పోయిన మనిషి. ఆ సంగతి ఆమెకు గుర్తుంది గానీ, అతని మొహం మీదే అనడం మర్యాద కాదని ఊరుకుంది.

"టికెట్టు తీసుకున్నావా?" అంటాడు గవర్రాజు.

"మీ బస్సులో నాకు టికెట్టేంటండీ? పాసుంది కదా."

"పాసు నీకు. మరి దానికో?"

అతను గడ్డంతో చూపించిన వైపు చూస్తే, సీటు కింద రాణి ఉంది. మూతి నెరిసిపోయి, ఒక కంటికి పొర కమ్మిన ముసలి కుక్క. వణుకుతోంది. బస్సు కుదుపుకు వణుకుతోందనుకోవడానికి లేదు, బస్సు ఇప్పుడు కదలడమే లేదు.

"దీన్ని సుహాసిని గారికి తిరిగి ఇచ్చేస్తున్నానండి," అంటుంది మంగతాయారు. సుహాసిని ఎవరో అతనికి తెలియదు కదా అని గుర్తొచ్చి, ఊరి చివర రేకుల షెడ్డులో దిక్కులేని కుక్కల్ని సాకే మనిషి అని చెబుతుంది. ఆ షెడ్డుకు వెళ్ళిన రోజున కుర్రకుక్కలన్నీ మీదపడి తోకలూపుతుంటే ఇదొక్కటే మూల గోడవైపు తిరిగి కూర్చుందని, అది చూసి ప్రాణం ఉసూరుమని ఇదే కావాలన్నానని చెబుతుంది. సుహాసిని దాన్ని దుప్పట్లో చుట్టి, ఎత్తుకొచ్చి, ఇంట్లో దింపి వెళ్ళింది. పేరుకే రాణి, దాని రాజ్యమంతా మంచం కింద.

"నేనున్నప్పుడు కుక్కని తెస్తానంటే ఇంతెత్తున లేచేదానివి," అంటాడు గవర్రాజు. కోపమేమీ లేదు, బస్సులో చిల్లర లేదన్నవాళ్ళని ఆటపట్టించే నవ్వు అది. "బొచ్చు, వాసన, నా వల్ల కాదు అనేదానివి."

"మీరున్నప్పుడు మాట్లాడుకోడానికి ఇంట్లో మనిషున్నాడండి."

ఆ మాటకు అతను నవ్వు ఆపి, సంచీ తీసి పక్కన పెడతాడు, పెట్టిన చోటు వంటింటి గట్టు అవుతుంది, కుంటే పీట మీద ఇప్పుడు అతనే కూర్చుని ఉన్నాడు, ఆమె చేతిలో వంకాయ కూర గిన్నె ఉంది, కిటికీలోంచి సముద్రం చప్పుడు మాత్రం అలాగే వస్తోంది. వడ్డిస్తూ ఆమె అతని కాళ్ళు చూస్తుంది. చీలమండల దాకా బురద. చెప్పుల్లేవు.

"ఏంటండీ ఆ కాళ్ళు?"

"నడిచొచ్చాను."

"చెప్పులేవీ? పన్నెండో రోజున ఇచ్చాం కదా, గొడుగుతో సహా. దారిలో మీకు కాళ్ళు కాలకూడదనే కదా అవి దానమిచ్చేది!"

"ఇచ్చారు. కాదన్లేదు. మీ తమ్ముడు ఎనిమిదో నంబరు కొన్నాడు. నాది పది. వేళ్ళు పడితే మడమ బయట, మడమ పడితే వేళ్ళు బయట. చేత్తో పట్టుకుని కొంతదూరం నడిచి, ఎవరో పొట్టాయన కనిపిస్తే ఇచ్చేశాను."

మంగతాయారుకు నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఏడుపవుతుంది. తమ్ముడు అడిగితే నంబరు తనే చెప్పి ఉండాల్సింది. ఆ హడావుడిలో ఎవరడిగారు, ఎవరు చెప్పారు!

"ఆరోజు అంబులెన్సు ఎక్కించేటప్పుడు చెప్పులు చెప్పులు అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు," అంటాడతను, కూర కలుపుకుంటూ.

"నేను విన్నానండి. వేద్దామని వంగాను. ఈలోగా తలుపు వేసేశారు." ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట ఇది. అన్నాక గుండెల్లో బరువు కాస్త పక్కకు జరిగినట్టయింది. "చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను."

"తెలుసు. అద్దంలోంచి కనిపించావు." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, అడుగుతాడు. "ఇంతకీ ఆ పాతవి ఏం చేశావు?"

"గుమ్మం బయటే ఉన్నాయి. ఒంటరి ఆడదాని ఇల్లు కదండీ. మగాడి చెప్పులు కనిపిస్తే లోపల మగదిక్కుంది అనుకుంటారని పక్కింటి వరాలమ్మ గారు చెప్పారు. రోజూ తుడిచి, కాస్త అటూ ఇటూ జరిపి పెడతాను, ఇప్పుడే విప్పి లోపలికొచ్చినట్టు."

"ఎవరైనా భయపడ్డారా?"

"ఎవరు భయపడతారు? గ్యాసతను మాత్రం సారు లేరా అండి అని ప్రతిసారీ అడుగుతాడు."

గవర్రాజు లేచి చెయ్యి కడుక్కుంటాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు ఎంతకీ ఆగదు, అతను పంపు కట్టేసినా ఆగదు. "ఇంతకీ ఆ ముసల్దాన్ని ఎందుకు పంపించేస్తున్నావో చెప్పలేదు."

ఆమె కూర గిన్నె కింద పెడుతుంది. "గడప దాటదండి. వెనక గుమ్మం లేని ఇల్లాయె. వాకిట్లోకి వెళ్ళాలంటే ఆ ఒక్క గడపే. అక్కడిదాకా వస్తుంది, ముక్కు బయట పెడుతుంది, అంతే, నేలకంటుకుపోయి వెనక్కి పాకుతుంది. ఎత్తుకెళదామంటే ఒళ్ళంతా కొయ్యబారిపోతుంది. ఆపుకుని ఆపుకుని చివరికి మంచం కిందే పోసుకుంటుంది, నేను తుడుస్తుంటే గోడవైపు మొహం పెట్టుకుని సిగ్గుపడుతుంది. తుడవడానికి నాకు బాధ లేదండి, మోకాళ్ళు ఎలాగో ఓర్చుకుంటాయి. దానికి నేనంటే ఇష్టం లేదు. అదీ బాధ. ఇష్టం లేనిదాన్ని కట్టేసుకుని ఏం చేసుకుంటాను? సాయంత్రం వచ్చి తీసికెళ్ళండమ్మా అని మధ్యాహ్నమే సుహాసిని గారికి ఫోన్ చేసేశాను."

"గడప దాకా ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడంటే..." ఆమె ఆలోచిస్తుంది. "నేను బయట కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు."

"నువ్వు లోపలున్నప్పుడు?"

"అప్పుడు రాదు."

గవర్రాజు వంటింటి గుమ్మం చూపిస్తాడు, అది వీధి గుమ్మమే, బస్సు ఫుట్‌బోర్డు కూడా అదే. గడప దగ్గర రాణి బోర్లా పడుకుని ఉంది. ముక్కు బయట. మంచి కన్ను ఆమెను చూడటం లేదు, వాకిలినీ చూడటం లేదు. గడప పక్కన నీలం పట్టీలతో ఉన్న ఆ పెద్ద రబ్బరు చెప్పులనే చూస్తోంది, అవి ఎప్పుడు లేస్తాయోనన్నట్టు చూస్తోంది.

"ఎవడో దాని మీద చెప్పు తీశాడు తాయారూ. ఒకసారి కాదు. బాగా పెద్ద కాళ్ళవాడు. నువ్వు గుమ్మంలో రోజూ తుడిచి నిలబెడుతున్నది వాడినే," అంటాడు గవర్రాజు నెమ్మదిగా. "అయినా నీకోసం అంతదాకా వస్తోంది."

మంగతాయారు అక్కడే చతికిలబడుతుంది. సుహాసిని చెప్పనే చెప్పింది, ఎవరి దగ్గరో బాగా దెబ్బలు తిన్నదండీ అని. విని అయ్యో అనుకుంది గానీ, దెబ్బలు దేనితో అని అడగలేదు. తన ఇంట్లో, తన చేత్తో రోజూ తుడిచిన వస్తువును చూసి ఒక ప్రాణి ఇంతగా హడలిపోతుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

"అయితే అవి ఇటిచ్చెయ్యి," అంటాడతను చెయ్యి చాపి. "ఇంకా చాలా దూరం నడవాలి నేను."

ఆమె చెప్పులు తీసుకుంటుంది గానీ ఇవ్వదు, ఒళ్ళో పెట్టుకుంటుంది. "ఇవి తీసేస్తే మీరు ఇంట్లో లేనట్టే కదండీ."

"నేను లేను తాయారూ," అంటాడు గవర్రాజు, ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని ముసలివాళ్ళకు చెప్పేటప్పుడు ఎంత మెత్తగా చెప్పేవాడో అంత మెత్తగా.

అప్పుడు ఆమె వంగుతుంది. మోకాళ్ళు నొప్పి పెట్టవు. కొంగుతో అతని కాళ్ళ బురద తుడిచి, ఒక్కొక్క చెప్పూ తొడుగుతుంది, మడమ, వేళ్ళు అన్నీ సరిగ్గా పడతాయి, ఈసారి ఎవరూ తలుపు వెయ్యరు, ఎవరూ తొందరపెట్టరు. చాలాసేపు ఆ పాదాలు పట్టుకుని ఉంటుంది. ఆమెకు హాయిగా ఉంది, ఏడుపూ వస్తోంది.

గవర్రాజు ఫుట్‌బోర్డు మీంచి దిగుతాడు. దిగి, వెనక్కి తిరిగి, బస్సు కిక్కిరిసి ఉన్నట్టు గొంతెత్తి అంటాడు: "దిగేవాళ్ళని దిగనివ్వాలండీ! అప్పుడే ఎక్కేవాళ్ళకి చోటు!" తర్వాత గొంతు తగ్గించి ఆమెతో, "దాన్ని లాగకు. ముసలివాళ్ళు మెట్టెక్కేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. వాళ్ళవైపు చూడనూ కూడదు, సిగ్గుపడతారు. కడ్డీ వదిలి పక్కకి నిలబడితే వాళ్ళే ఎక్కుతారు. డ్రైవరు హారన్ కొడితే కొట్టుకోనీ."

"మళ్ళీ వస్తారా?"

అతను బస్సు రేకు మీద అరచేత్తో గట్టిగా రెండు దెబ్బలు వేస్తాడు. "రైట్, రైట్!"

ఆ దెబ్బలకు మంగతాయారు ఉలిక్కిపడి లేచింది. ఎక్కడో దూరంగా ఉరుము సద్దుమణుగుతోంది. భోజనం చేసి గుమ్మం బయట రేకు చూరు కింద కుర్చీలో కూర్చున్నది అలాగే నిద్రపోయినట్టుంది, వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు వెలిసిందో తెలియలేదు. రేకు మీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళది పల్లపు వీధి, గట్టి వాన పడితే గడప దాకా నీళ్ళొచ్చేస్తాయి. ఆమె కాళ్ళు చీలమండల దాకా తడిసి ఉన్నాయి. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే వెనక్కి తీస్తున్నాయి.

గడప పక్కన చెప్పుల్లేవు.

నీలం పట్టీల చెప్పులు రెండూ వాకిట్లో తేలుతూ గేటు వైపు వెళుతున్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక, నడుస్తున్నట్టే. పట్టుకోవాలని లేవబోయింది. రెండంగలేస్తే అందుతాయి. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచినది, ఆగి, మళ్ళీ కూర్చుంది. మొదటిది గేటు కింద సందులోంచి వీధిలోకి జారింది. రెండోది కాసేపు తట్టుకుని, అదీ జారింది. మంగతాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వెనక గచ్చు మీద గోళ్ళ చప్పుడయింది. గడప దగ్గరకొచ్చి ఆగింది. తల తిప్పబోయి ఆపుకుంది ఆమె. కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుని, ఎటో గోడ మీద పిల్లిని చూస్తున్నదానిలా మొహం అటు పెట్టుకుని, తనకు మాత్రమే వినపడేంత గొంతుతో అంది: "రైట్, రైట్."

చాలాసేపటికి ఒక కాలు. ఇంకాసేపటికి రెండోది. తడి నేల మీద నాలుగు కాళ్ళూ పడ్డాక రాణి ఆమెను దాటుకుని, గోడ వారన ఉన్న కొబ్బరిమొక్క దగ్గరకు వెళ్ళి, వంగి, ఎన్నాళ్ళ నుంచి ఆపుకుందో అంతా తీరిగ్గా పోసుకుంది. తిరిగొచ్చి ఒళ్ళు దులుపుకుని, ఇందాకటిదాకా చెప్పులున్న చోట, గేటు వైపు తిరిగి కూర్చుంది. సుహాసిని వచ్చేస్తుంది కాబోలు. పాపం ఉత్తి చేతులతో వెళ్ళాలి, టీ అయినా తాగి వెళ్ళమనాలి అనుకుంది మంగతాయారు.

వీధి మలుపులో స్కూటరు చప్పుడు వినిపించింది. రాణి చెవులు రిక్కించింది. తర్వాత, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి, బొంగురు గొంతుతో ఒక్కసారి మొరిగింది.