బాడీ లేపుడు

జలాలుద్దీన్ పాత సుమో కింద వెల్లకిలా పడుకొని, తుప్పుపట్టిన బోల్టుకు మళ్లీ డీజిల్ తాగించాడు. పానాకు పైపు తొడిగి, బిస్మిల్లా అనుకొని గుంజాడు. కిర్రుమంటూ తిరిగింది. తుప్పు పొడి కళ్లలో పడింది.

"మొండిదానివే గని, నాకంటె కాదు," అన్నాడు బోల్టుతో.

అతను బోల్టులతో మాట్లాడినంతగా మనుషులతో మాట్లాడడు. సుత్తి మోతలో చెవులు సగం మందగించాయి. సగం వినిపించే మాటలకు సగం జవాబులు చెప్పుకుంటూ గోదావరిఖనిలో బతుకంతా వెళ్లదీశాడు.

బండి కొమురెల్లిది. బొగ్గుబాయి కొలువు దిగి కమాన్‌పూర్ దగ్గర చేను చూసుకుంటున్నాడు. చేను బాట గతుకులని పెద్ద టైర్లు వేయిస్తే అవి మడ్‌గార్డుకు రాసుకోసాగాయి. ఛాసిస్ మీది బాడీని జాకీతో లేపి, మధ్యలో నైలాన్ దిమ్మలు పెట్టి, పొడుగు బోల్టులు బిగించడం తప్ప మార్గం లేదు. "జలాల్ భాయ్ బాడీ లేపుతుండు," అని కనబడ్డవాడికల్లా డప్పు కొట్టాడు కొమురెల్లి. అంతలోనే దమ్ము ఎక్కువై, ఊపిరాడక దవాఖానలో పడ్డాడు.

"ఇంటికి నా బండ్లనే పోత భాయ్," అన్నాడు నిన్న, మంచం మీద నుంచి.

తన భార్య షహజాదీ బేగం పోయిననాడు జనాజాకు భుజం పట్టి, ఖబరస్తాన్ దాకా ఎవరికీ మార్చనివాడు కొమురెల్లి. "నాకు ముందటి భుజం నీదే ఉండాలె," అని ఆ తర్వాత తరచూ నవ్వులాటకు అనేవాడు. "ముందుగాల నేనే పోత తీ," అని జలాలుద్దీన్ కసురుకునేవాడు. అతనికి ఆ భుజం బాకీ ఒక్కటే ఉంది ఈ లోకంలో.

జాకీ మీద చెక్కపలక పెట్టి ఒకవైపు మెల్లగా ఎత్తుతుండగా ఫోను మోగింది. కొమురెల్లి బామ్మర్ది ఆగయ్య. పక్క టైర్ల దుకాణంలో కంప్రెషర్ హోరెత్తుతోంది.

"భాయ్, బాడీ ఎప్పుడు లేపాలె?"

"నీకెందుకు ఫికర్? నేనే లేపుత గద. నాలుగైతది."

"ఎండలు గిట్లున్నయి. ఆగుతదా?"

"ఎండకేం గాదు. నేను లేనిది ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు."

ఆగయ్య ముక్కు ఎగబీల్చాడు. "సరే భాయ్. నువ్వొచ్చినంకనే."

పప్పులో కాలు పడింది ఇక్కడే. ఈ బొగ్గు ఊళ్లలో బాడీ అంటే శవం కూడా, లేపడమంటే పాడె లేపడం కూడా. కొమురెల్లి తెల్లవారుజామున కన్నుమూశాడు. జలాలుద్దీన్‌కు ఎవరో ఒకరు కబురు చెప్పే ఉంటారని ఆగయ్య అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు, ఎవరూ చెప్పలేదు. బండి కోసం ఆగయ్య ఏడవడమేమిటో అర్థంకాక జలాలుద్దీన్ కాసేపు బుర్ర గోక్కున్నాడు. పడిశం పట్టిందేమోనని సరిపెట్టుకున్నాడు.

బాడీ లేచింది గాని స్టీరింగ్ రాడ్ అందలేదు. లేత్ దుకాణానికి పరుగెత్తి అతుకు చేయించుకొచ్చాడు. ఫోను బండి సీటు మీదే మోగి మోగి ఊరుకుంది. సాయంత్రం అసర్ అజాన్ అయ్యాక చేతులు కడుక్కొని, పెళ్లికొడుకులా ఎత్తుగా కూర్చొని దవాఖానకు బయల్దేరాడు.

మంచం మీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు.

"ఆయననా? పొద్దుగాల్నే ఇంటికి తీస్కపోయిండ్రు," అంది నర్సు.

బాగైందన్నమాట. సంతోషంతో పాటు చిన్న అలక కూడా కలిగింది. బండి కోసం ఒక్క పూట ఆగలేకపోయాడా?

కాలనీలో ఇంటి ముందు నిప్పు ఇంకా పొగ వదులుతోంది. గడపలో కొమురెల్లి భార్య ఐలవ్వ, చుట్టూ ఆడవాళ్లు. అందరూ బండిని చూశారు. జలాలుద్దీన్ వాళ్లను చూశాడు. దిగడానికి కాలు ఆనలేదు, నేల ఎక్కడో కిందికి పోయింది.

"నువ్వే లేపుత అన్నవట గద భాయ్," అంది ఐలవ్వ. ఆమె గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. "ఎవ్వరిని ముట్టనియ్యలె ఆగయ్య. పొద్దు గుంకుతదని ఇగ లేపిండ్రు. ముందటి భుజం దింపుడుకల్లం కాడ నీకిస్తమన్నరు. ఉరుకు."

ఏడుపు రాలేదతనికి. సిగ్గు వచ్చింది, ఒళ్లంతా కాలిపోయేంత సిగ్గు. బండిని గోదారి బాట పట్టించాడు. గతుకుల మీద పెద్ద టైర్లు ఎక్కడా రాసుకోలేదు.

దింపుడుకల్లం కాడ ఎవరూ లేరు. పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలిచి, ఆగినంతసేపు ఆగి వెళ్లిపోయారు. దుమ్ములో వెదురు బొంగుల అచ్చులు, చల్లిన ప్యాలాలు ఉన్నాయి. దూరాన ఒడ్డున పొగ లేస్తోంది.

ముందటి బొంగు అచ్చు పక్కన, రాయి మీద, భుజానికని మందంగా మడిచిన కొత్త తువ్వాల ఉంది. దాని మడత నలగలేదు.