పదకొండో చోటు

బండమీదపల్లెలో మునిరత్నం వేయించిన బోరులో మూడంగుళాల నీళ్ళు పడిన రోజున ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. వెళ్ళినవాళ్ళలో పక్క చేను నిర్మలమ్మ కూడా ఉంది. ఆమె నీళ్ళను చూడలేదు, బోరు ఎక్కడ వేశారో చూసింది. "ఇది నా చేనబ్బా" అంది. అంతే, పండగలాంటి రోజు కాస్తా పంచాయతీ అయి కూర్చుంది.

గొడవకు మూలం రెండేళ్ళ కిందటి తుపాను. వంక పొంగి ఇద్దరి మడులకూ మధ్యనున్న గట్టును ఊడ్చుకుపోయింది. హద్దురాళ్ళు ఎటు పోయాయో తెలీదు, మడుల నిండా ఇసుక మేట. సర్వేయరు రెండుసార్లు వచ్చి గొలుసు లాగాడు. మూలరాయే లేనప్పుడు ఎక్కణ్ణించి లాగుతాడు పాపం! ఒకసారి బోరు మునిరత్నం వైపు పడింది, ఇంకోసారి నిర్మలమ్మ వైపు పడింది. ఆయన మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని, మీరూ మీరూ చూసుకోండని పూతలపట్టు బస్సెక్కాడు.

అప్పుడు పెద్దమనిషి గోవిందయ్య పాత పద్ధతి ఒకటి గుర్తుచేశాడు. హద్దు తెలిసిన మనిషి నెత్తిన నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో, ఆ చేని మట్టిగడ్డను తలమీద పెట్టుకుని నడవాలి. ఎక్కడ ఆగితే అదే గట్టు. ఆ తర్వాత కోర్టని, స్టేషనని ఎవరూ పోకూడదు. మన్ను మోస్తూ అబద్ధం నడిచినవాళ్ళకు మళ్ళీ ఏ మన్నూ అన్నం పెట్టదని ఊరి నమ్మకం.

నడిచేదెవరన్నప్పుడు కుప్పమ్మ పేరు చెప్పింది మునిరత్నమే. ముప్ఫై ఏళ్ళు ఇద్దరి మడుల్లోనూ వరినాట్లు వేసిన కూలిమనిషి. ఆనాటి ఆడవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఆమె ఒక్కతే. కొందరు కాలం చేశారు, కొందరు కొడుకుల వెంట బెంగళూరు వైపు వెళ్ళిపోయారు. నిర్మలమ్మ కాదనలేకపోయింది. మొగుడు పోయి ఆరేళ్ళు, ఉన్న బావి ఎండి మూడేళ్ళు. ఆమె తరఫున నిలబడేందుకు ఇంకెవరున్నారు గనక?

మునిరత్నం ధీమా ఏమిటో కుప్పమ్మకు తెలుసు. ఆమె గుడిసె ఉన్నది అతని చేని మూలన. పట్టా లేదు, కాగితం లేదు. అతని తండ్రి ఒకప్పుడు "ఉండు మే" అన్న మాట ఒక్కటే ఆధారం. ఆ గుడిసెలో, నడుము కింద చచ్చుబడి నాలుగేళ్ళుగా మంచం మీదున్న మొగుడు వెంకటముని.

నడకకు ముందురోజు పొద్దుగూకే వేళకు మునిరత్నం బండెడు చెరుకాకు తోలుకొచ్చి గుడిసె ముందు దించాడు.

"కప్పు కారతా ఉండాదంట గదా. రేపు నీ నడక అయిపోతానే మనుసుల్ని పంపిస్తా, కప్పించుకో."

"ఇప్పుడు యాల సామీ ఇదంతా?"

"యాల అంటావేంది? నా జాగాలో ఉండేదానివి. నేను సూసుకోకుంటే ఎవురు సూసుకుంటారు?" అని నవ్వి వెళ్ళాడు.

బెదిరించినా బాగుండేది, కోపమన్నా తెచ్చుకునేది. ఆమె ఆ చెరుకాకును ముట్టుకోకుండా గడపలో కూర్చుంది.

"బోరు యాడుండాది?" లోపలినుంచి వెంకటముని అడిగాడు.

"నా చోటు దాటినాక మూడో చోట్లో."

ఆ లెక్క అతనికీ తెలుసు. మునిరత్నం మడికి పడమటి కొసన పెద్ద గుండొకటి ఉంది. ఏ వరదా కదిలించలేని రాయి. నాట్ల రోజుల్లో ఆ గుండు దగ్గర మొదలుపెట్టి ఆడవాళ్ళు వరుసగా నిలబడేవాళ్ళు, మనిషికి ఒక బారెడు చోటు. కుప్పమ్మది ఎడమచేతి వాటం. మధ్యలో నిలబెడితే పక్కవాళ్ళ చేతికి చెయ్యి తగులుతుందని ఎప్పుడూ చివర్నే నిలబెట్టేవాళ్ళు. పదకొండో చోటు, గట్టును ఆనుకుని.

"ముగ్గుర్ని ఎక్కువ లెక్కేస్తే సాలు. ఎవురికి తెలస్తాది?" అంది కుప్పమ్మ.

"పేర్లు పెట్టినావా ఆ ముగ్గురికీ?"

"తమాషాగా ఉండాదా నీకు? రేపు ఎల్లగొడితే నిన్ను యాడికని మోసుకుపోయేది నేను?"

"నేనేం బరువుండా మే? సగం మనిషినే గదా" అన్నాడు వెంకటముని.

కుప్పమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అతను ఆ ముగ్గుర్నీ కలుపుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ మొగుణ్ణి తిట్టాలో దండం పెట్టాలో ఆమెకు తెలియలేదు.

తెల్లారి తొమ్మిదింటికల్లా గుండు చుట్టూ జనం. రెండు బిందెల నీళ్ళు నెత్తిన పోసుకుని, కుప్పమ్మ చుట్టకుదురు మీద మట్టిగడ్డ పెట్టించుకుంది. గుండుకు కుడిచేతి వేళ్ళు ఆనించి రెండు చేతులూ చాచింది.

"గంగులమ్మ చోటు" అంది. ఎడమచెయ్యి ముగిసినచోటికి కుడిచెయ్యి వచ్చేలా జరిగి మళ్ళీ చేతులు చాచింది. "పొలమ్మ చోటు. చెంగమ్మ చోటు."

పేరు చెప్పగానే మనిషి కనబడినట్టే ఉంది ఆమెకు. పొలమ్మ పాట, చెంగమ్మ దగ్గు. నాలుగు, అయిదు, ఆరు. వెనకే మునిరత్నం పక్కకు పక్కకు జరుగుతూ వస్తున్నాడు. నిర్మలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తడిగడ్డ కరిగి బురదనీళ్ళు కుప్పమ్మ నుదుటి మీదుగా పెదవుల మీదికి దిగుతున్నాయి.

తొమ్మిదో చోటు దగ్గర బోరు గొట్టం కళ్ళెదురుగా కనబడింది. ఆమె అడక్కుండానే మూడు పేర్లు నోటి చివరికి వచ్చి కూర్చున్నాయి. ఎర్రమ్మ, నాగమ్మ, సుబ్బమ్మ. అబద్ధం మనుషులు కూడా కాదు, నిర్మలమ్మ మడిలో నాట్లు వేసినవాళ్ళే, ముగ్గురూ పోయారు. కాదనడానికి ఎవరూ లేరు.

"చంద్రకాంతమ్మ చోటు" అంది. అది పది.

ఇంకో బారెడు జరిగి చేతులు చాచింది. బోరు గొట్టం ఇంకా అవతల, మూడో చోట్లో ఉంది.

"ఇది నా చోటు. గట్టు ఈడ" అంది కుప్పమ్మ.

"సరిగ్గా గుర్తు చేసుకో మే! పద్నాలుగుమంది గదా నాటేది?" అంటూ మునిరత్నం ముందుకొచ్చాడు.

"పద్నాలుగుమందికి నువ్వెప్పుడన్నా కూలి ఇచ్చినావా సామీ?"

ఎగతాళికి అన్నది కాదు, ఉన్న మాట నోరు జారింది. జనం మాత్రం గొల్లుమన్నారు. ఆ నవ్వే ఆమె కొంపముంచింది. గోవిందయ్య అక్కడ హద్దు గూటం కొట్టించి బోరు నిర్మలమ్మదని చెప్పేలోపే మునిరత్నం మొహం నల్లబడింది. "పొద్దు మునిగేలోపల నా జాగా ఖాళీ అయిపోవాల" అన్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. అతను చెప్పిన ప్రకారం జాగా అతనిదే మరి.

మధ్యాహ్నం కుప్పమ్మ చట్టీలు మూటకడుతుంటే నిర్మలమ్మ పరుగున వచ్చింది.

"ఎవురేం చేస్తారో సూస్తా. బోరు పక్కనే పది అంకణాలు రాసిస్తా, రా కుప్పక్కా."

పది అంకణాలు! సొంత జాగా, గడప ముందు నీళ్ళు. కుప్పమ్మకు ఆశ పుట్టలేదంటే అది అబద్ధం. ఒక్క క్షణం అక్కడ పొయ్యి ఎటు పెట్టాలో కూడా అనుకుంది.

"వద్దమ్మా" అంది.

"ఏం, యాల వద్దు?"

"నీ జాగాలోకొస్తే, జాగా కోసరం నడిచిందంటారు. నేను పెట్టిన గట్టును రేపే పీకేస్తారు. రోడ్డు పొరంబోకులో నాలుగు గుంజలు పాతుకుంటాలే."

కుప్పమ్మ మంచం తలవైపు పట్టుకుని చుట్టూ చూసింది. వీధి కొసన నలుగురు మగవాళ్ళున్నారు. మునిరత్నం అరుగుమీదే ఉన్నాడు గనక ఒక్కరూ కదల్లేదు. అప్పుడు నిర్మలమ్మ కొంగు నడుముకు బిగించి, వంగి, కాళ్ళవైపు ఎత్తింది. ఆ ఇంటి మనిషి కూలివాళ్ళ మంచం ఎత్తడం ఊరు ఎన్నడూ చూడలేదు.

"నిదానం తల్లీ" అన్నాడు మంచం మీది వెంకటముని. "నలుగురు మోసే దినం ఇంకా రాలే. ఇద్దరు సాలు."

నిర్మలమ్మ చేనికి అడ్డంపడిపోతే రోడ్డు కూతవేటు దూరం. ఆమె మంచాన్ని అటు తిప్పబోయింది. కుప్పమ్మ తిప్పనివ్వలేదు. ఎండలో బండిబాట వెంట, చేను చుట్టూ తిరిగి వెళ్ళారు.