తేరిన నీళ్లు

1984 వానాకాలం. నర్సీపట్నంలో కుళాయి తిప్పితే టీ రంగు నీళ్లొచ్చేవి. మా అమ్మ రామాయమ్మ రోజూ బిందెలో పటిక తిప్పి తేర్చేది. కెమిస్ట్రీ లెక్చరర్‌ని, పైగా పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ని, ఊరుకుంటానా? ఆదివారం నా గొప్ప చూపించాను. రెండేళ్లుగా తయారుచేస్తూ, చిక్కదనమూ విద్యుదావేశమూ కొలుస్తూ కూర్చున్న కోపాలిమర్ పొడిని చిటికెడు వేసి కలిపాను. నీళ్లలో కరిగే పొడవాటి గొలుసులు, ఒంటినిండా ధనావేశం. రుణావేశమున్న బురదను పట్టుకుని అడుక్కి దిగిపోయాయి. ఆ నీళ్లు పారబోశాను గానీ, అమ్మ ఆ పొడిని మర్చిపోలేదు.

లాబ్ కప్పు కారుతోందని సరుకు ఇంటికి తెచ్చుకున్నాను. రెండు హార్లిక్స్ సీసాలు. ఒకదాంట్లో పొడి. రెండోదాంట్లో దాన్ని తయారుచేసే ముడిసరుకు, ఎక్రిలమైడ్. గొలుసు కట్టాక భయం లేదు, విడిగా ఉంటే నరాలకు విషం. పేర్లు ఇంగ్లీషులో రాసి అతికించాను. అమ్మకు తెలుగు చదవడమే రాదు.

బుధవారం కాలేజీ నుంచి వచ్చేసరికి రెండు సీసాలూ వంటింటి గట్టు మీదున్నాయి.

"అమ్మా, ఏ సీసాలోది వేశావు?"

"రెండూ తెల్లగానే ఉన్నాయి కదరా. ఏదో ఒకటి, రెండు సెంచాలు ఏసినాను."

"ఎవరైనా తాగారా?"

ఏడో నెల కడుపుతో ఉన్న నా భార్య రాజులమ్మ గుమ్మంలోకొచ్చింది. "నేను తాగినానండీ. రెండు గ్లాసులు."

బిందె మూత తీశాను. అడుగు కనిపించేంత తేట నీళ్లు. పోయిన ప్రాణం లేచొచ్చింది. బురదను దించడం ముడిసరుకు వల్ల కాదు. తేరాయంటే అమ్మ వేసింది నా పొడే. ఆనందం పట్టలేక నేనూ ఓ గ్లాసు ముంచుకుని గటగటా తాగేశాను.

"నా పొడి గొప్ప చూశావా అమ్మా?"

అమ్మ మూతి తిప్పింది. "గొప్పేటి? గంట సూసినాను, బురద బురదలాగే ఉండిపోనాది. ఆకరికి పటికే తిప్పినాను."

బురద దిగలేదంటే, అమ్మ వేసింది రెండో సీసాలోదే.

"పిల్లకేటీ అవదు కదండీ?" అంది రాజులమ్మ, కడుపు మీద చెయ్యేసుకుని.

బేగి రిక్షా పిలవమని అమ్మ మీద అరిచాను. ఆ విషం గురించి దొరికినవన్నీ అప్పటికే చదివి ఉన్నాను. అన్నిట్లోనూ ఎలుకల లెక్కే ఉంది. ఏడో నెల బిడ్డ ఎంత తట్టుకుంటుందో ఎవరూ రాయలేదు.